సంపులో ఉండగా మోగే ఫోను

నాకు అక్షరాలు కూడబలుక్కుంటే తప్ప రావు. ఇది నేను చెప్తుంటే మా అక్క కూతురు రాస్తోంది. మధ్యమధ్య నవ్వు ఆపుకోలేక ఆగుతోంది కూడా.

మా ఆయన ఇళ్లల్లో నీళ్ల సంపులు, పైన ట్యాంకులు కడిగేవాడు. నేను గట్టు మీద నిలబడి పైపు అందించేదాన్ని. ఆయన జ్వరంతో పోయాక, ఎరిగిన ఇళ్లవాళ్లు కూడా పిలవడం మానేశారు. ఆడమనిషి సంపులోకి ఏం దిగుతుందిలే అనుకున్నారేమో. ఆయన కొన్న ప్రెషర్ మిషన్ ఇంట్లో మూలన పడి ఉంది. దాన్ని కొంటానని బౌద్ధనగర్‌లో మోటర్లు బాగుచేసే మనిషి వచ్చాడు. ఎండాకాలం పోయేదాకా చూస్తాను, పని దొరక్కపోతే నీకే ఇస్తానని మాటిచ్చాను. మిషన్ పోతే ఇక నాకు మిగిలేది హాస్టల్ మెస్సులో అంట్లు తోమడమే.

ఈ పిల్ల యూనివర్సిటీలో చదువుతూ అడిక్‌మెట్‌లో రూములో ఉంటుంది. ఒక సాయంత్రం క్యాంపస్‌లో చెట్ల కింద సిమెంటు బల్ల మీద నన్ను కూర్చోబెట్టుకుంది.

"చిన్నమ్మా, సంపు కంపు కొడితే జనం ఎవరిని అడుగుతరు?"

"పక్కింటోళ్లను."

"పక్కింటోళ్ల మొకం ఎవరు చూస్తున్రు? ఫోన్‌ను అడుగుతరు. అడిగినోళ్లకు నీ నంబర్ ముందుగాల కనవడేటట్టు ప్రకటన పెడదాం. పైసలు కట్టాలె."

"ఎంతమంది చూస్తే అంత కట్టాల్నా?"

"చూస్తే పోవు. నీ నంబర్ మీద ఒత్తితేనే పోతయి. రోజుకు ఇంత అని మనమే చెప్తం. అది అయిపోతే మల్ల తెల్లారేదాక కనవడది."

చూడడానికి పైసలు లేవన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. తార్నాకలో గోడ మీద రంగుతో రాయిస్తే, ఎవరూ చూడకపోయినా పెయింటరుకు ముందే ఇచ్చుకోవాలి. ఇక్కడ ఊరంతా చూసినా ఉచితమే. చీటీ ఎత్తిన డబ్బులో ఇంటి ఖర్చులు పోను మిగిలింది దీనికే పెట్టాను.

అన్నీ కుదిర్చాక రెండో రోజు, పిల్ల ఫోను నా నోటి దగ్గర పెట్టి మాట్లాడమంది. నా గొంతు బొంగురు. ఎదురుగా నిలబడ్డ మనిషికే ఒక్కోసారి అర్థం కాదు. "సంపు కడిగేటోళ్లు" అన్నాను. అన్నీ దాటుకుని మా నంబరు పైన వచ్చింది. నా ఒళ్లు జలదరించింది.

మర్నాడు పొద్దున్నే దీపం పెట్టి, బోణీ నా చేత్తోనే కావాలని ఫోనులో ఆ నంబరును ఒత్తాను. మాణికేశ్వర్ నగర్‌లో మా గల్లీ ఆడవాళ్లను పిలిచి, మంచి చేయి ఉన్నవాళ్లంతా మీ మీ ఫోన్లలో ఒత్తండి అన్నాను. పాపం, నా మంచి కోరి అందరూ ఒత్తారు. కొందరు రెండుసార్లు. ఎండ ముదరకముందే ఆ రోజు పైసలు అయిపోయి మా నంబరు మాయమైంది.

"బోణీ చేసినవా చిన్నమ్మా, దుకాణం బంద్ చేసినవా?" అంది పిల్ల.

ఆ తర్వాత ఎవరినీ ముట్టనియ్యలేదు. ఫోన్లు రావడం మొదలైంది. తార్నాకలో ఒక ఇంటికి మా పక్కింటామెను తోడు తీసుకుని పోయాను. మోకాళ్ల లోతు బురదలో నిలబడి గోడలు రుద్దుతుంటే పైన గట్టు మీద ఫోను మోగింది. సంపులో ఆ మోత చుట్టూ తిరుగుతుంది, ఎక్కడినుంచో తెలియదు. చేతులు తుడుచుకుని నిచ్చెన ఎక్కేసరికి ఆగిపోయింది. తిరిగి చేస్తే, "వేరేటోళ్లను పిలిచినమమ్మా" అన్నారు. మళ్లీ దిగాను, మళ్లీ మోగింది. మా పక్కింటామె ఎత్తొచ్చు కదా అంటారు. ఎత్తింది. "ఆమె లోపల ఉన్నది" అని పెట్టేసింది. ఎక్కడ లోపల అనుకున్నారో ఏమో.

రోజూ ఇదే కథ. పని ఉన్న రోజే ఫోన్లు పోతున్నాయి. వాళ్లు ఒత్తినందుకు నా పైసలు ఎలాగూ పోతున్నాయి. చీటీ డబ్బు అడుగంటుతోంది, మబ్బులు పడుతున్నాయి. ఇక మిషన్ ఇచ్చేద్దామని పిల్లతో అన్నాను.

"సంపుల దిగేముందు ప్రకటన ఆపరాదు?" అంది.

"ఆపితే మల్ల కట్టాల్నా?"

"ఏం కట్టేది లేదు. గిది ఒత్తితే ఆగుతది, ఒత్తితే లేస్తది. మిగిలిన పైసలు మిగిలే ఉంటయి."

ఊరంతా కనబడే బోర్డును నేను నీళ్లలోకి దిగేటప్పుడు నా వేలితో దాచేయొచ్చు. బయటికి వచ్చాక మళ్లీ నిలబెట్టొచ్చు. దూరం ఊళ్లవాళ్లకు కనబడకుండా తార్నాక చుట్టుపక్కలకే సరిపెట్టొచ్చని కూడా అప్పుడే చెప్పింది. ఎవరు ఎక్కడ నిలబడి అడుగుతున్నారో ఫోనుకు తెలుసట. ఇదంతా నేను నమ్మలేదు.

నమ్మించింది బౌద్ధనగర్‌లో ఒక డాబా. పని అయ్యాక తడిబట్టలతో నిలబడి ప్రకటన లేపాను. కొంగు పిండుకుంటుండగానే ఫోను. వెనక గల్లీలో ఒకామె, నల్లా నీళ్లు వాసన వస్తున్నాయట. అక్కడినుంచి చూస్తే వాళ్ల ట్యాంకు కనబడుతోంది. ఆమె ఎవరో నాకు తెలియదు. బిందె ముందు నిలబడి ఏదో అడిగి ఉంటుంది. ఆ అడిగిన మాట ఎక్కడెక్కడ తిరిగిందో గానీ, ఈ డాబా మీద నీళ్లోడుతున్న నా దగ్గరికి వచ్చి ఆగింది. నాకు చేతులు జోడించాలనిపించింది. ఎటు తిరిగి జోడించాలో తెలియలేదు.

వానలు మొదలైన వారం, యూనివర్సిటీ క్వార్టర్సులో ట్యాంకు కడుగుతున్నాం. మిషన్ పట్టుకుని మా పక్కింటామె లోపల ఉంది, నేను పైన. మోటర్ల మనిషి ఫోను చేశాడు.

"అక్కా, ఆటో తీస్కొని మీ ఇంటికాడ నిలవడ్డ. తాళమున్నది. మిషన్ ఏది?"

"గిక్కడ పనిల ఉన్నదన్నా."

"పొద్దుమీకి తెస్తవా?"

"తేను. ఇను." ఫోను ట్యాంకు మూతి దగ్గర పెట్టాను. లోపల మిషన్ గోడలకు బుస్సుమని కొడుతోంది.

"వాషర్ మార్చినట్టున్నవ్. మంచిగ నడుస్తున్నది."

"మార్చిన."

"ఆటో కిరాయి నా మీద పడ్డది గదక్కా," అన్నాడు. "మీ పిల్ల ఫోన్ల నీ నంబర్ పెట్టిందంట గద. నా షాపుకు గూడ గట్ల పెడ్తదా? అడుగు జర."

అడుగుతానన్నాను. లోపలినుంచి మా పక్కింటామె పైపు ఇంకొంచెం కిందికి వదలమని అరుస్తోంది. ఫోను బొడ్లో దోపుకుని పైపు వదిలాను.