ముత్తాత విందులో నాలుగో పాదం

తిరువళ్ళూరు స్టేషన్ పక్క సందులో ఒక మెస్సు ఉంది. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే మిరియాలు, సోంపు, నూనెలో చిటపటలాడే కరివేపాకు కలిసిన బోటి వేపుడు వాసన సందు మొదట్లోనే ముక్కుకు తగులుతుంది. నా పక్కన నడిచేవాళ్ళకు నోరూరుతుంది, నాకు మాత్రం అరచేతుల్లో చెమట పడుతుంది. నలభై దాటినా ఆ భయం నన్ను వదల్లేదు.

మాది అత్తిమంజేరిపేట, అరవ నాడులో ఉన్నా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడే ఊరు. మా అవ్వ తండ్రి అక్షరం రాని కవి. వేరుశనగ మీద, ఎద్దుల మీద, పిసినారి కరణం మీద, ఆఖరికి బోటి కూర మీద కూడా పద్యాలు కట్టి, అన్నింటినీ కూతురి నోటికి అప్పగించి పోయాడు. సంక్రాంతితో మొదలయ్యే తై నెల చివర, చలి ఇంకా వదలని రోజుల్లో, ఆయన పుట్టాడని చెప్పుకునే నాటి సాయంత్రం మా వాకిట్లో ఊరంతా పంక్తి కూర్చునేది. విస్తళ్ళలో రాగి సంగటి ముద్దలు పొగలు కక్కుతుంటే, పలక డప్పుల మోత నడుమ బోటి కూర గుండిగను ఇద్దరు మోసుకొచ్చేవాళ్ళు. ఏటా అవ్వ అంతవరకూ ఎవరూ వినని పద్యం ఒకటి బయటికి తీసి, ఇంటి పిల్లల్లో ఒక్కరికే, తలుపు మూసి నేర్పేది. ఆ పిల్లో పిల్లాడో గుండిగ ముందు నిలబడి చెప్పాలి, బడి అయ్యవారు దాన్ని నోటుబుక్కులో రాసుకోవాలి, ఆ తర్వాతే గరిటె కూరలో పడేది. మధ్యలో ఆగితే ఆ పద్యం చచ్చినట్టే, మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు.

ఒక ఏడు మా అన్న రెండో పాదంలోనే ఆగిపోయాడు. అవ్వ మూడు రోజులు అన్నం ముట్టలేదు. మరుసటి ఏడు ఆ వంతు తొమ్మిదేళ్ళ నాకు వచ్చింది. బడిలో నాది అరవం, తెలుగు చెవితో పట్టుకోవలసిందే. వారం పాటు నిద్రలో కూడా వల్లించాను. ఆ రోజు పొద్దున పెరట్లో కట్టేసిన మేకపోతు నా గౌను కొస నమిలితే విదిలించి కొట్టాను. సాయంత్రానికి అది గుండిగలో ఉంది.

“కొండంతా నీదని కొమ్ములాడించినావు,
గట్టు మింద చేనంతా గబగబా మేసినావు,
కావలోడు కేకేస్తే కడుపు నింపి ఎగిరినావు...”

నాలుగో పాదం రాలేదు. ఎంత వెతుక్కున్నా లేదు. పలకలు ఆగిపోయాయి, ఊరంతా ఆకుల ముందు చేతులు కట్టుకుని నన్నే చూస్తోంది. చూపు పోయిన అవ్వ కూడా ముఖం నా వైపే తిప్పింది. నా నోరు దానంతట అదే పలికింది:

“కత్తి జూసి నా మాదిరి గడగడా వణికినావు!”

అందరూ ఆహా అన్నారు. అవ్వ తమ్ముడు మాత్రం, “సరిగా ఉండాదా అక్కా?” అని అడిగాడు. అవ్వ తన విస్తరి ముందుకు జరుపుకుంది.

“సరిగానే ఉండాది. వడ్డించండి” అంది.

చేతులు కడిగే చోట నా మణికట్టు పట్టుకుంది. “ఆ కడాసి పాదం మా నాయనది గాదు పాపా. యాడ దెచ్చినావు?”

“తెలీదవ్వా, కొట్టొద్దు.”

“కొట్టను. రేపు రా, అసలుది మళ్ళా చెప్తా. నీ నోటితోనే అయ్యవారికి చెప్పి దిద్దిద్దాం.”

దిద్దించడమంటే ఊరి ముందు అబద్ధం ఒప్పుకోవడమే. నేను వెళ్ళలేదు. ఒకనాడు తలనొప్పి అన్నాను, ఒకనాడు బడి పని అన్నాను. ఆమె గొంతు వినిపిస్తే దొడ్డిదారిన పారిపోయేదాన్ని. ఆమె మాత్రం నా గుట్టు ఎవరికీ చెప్పలేదు. వానాకాలంలో అవ్వ పోయింది. బయటికి రాని పద్యాలన్నీ, ఆ పాదం కూడా, ఆమెతోనే పోయాయి.

ఇప్పుడు పంక్తి లేదు, పలకలు లేవు. కల్యాణ మండపంలో కుర్చీలు వేసి క్యాటరింగ్ వాళ్ళు బిరియాని పెడతారు. అయ్యవారి నోటుబుక్కును అరవ లిపిలో అచ్చు వేయించి పంచారు. మొన్నటి విందులో మా అన్న కూతురు అందులోని ఆ పద్యమే చదివింది. “ముత్తాత మనసంతా ఆ చివరి పాదంలోనే ఉండాది” అని ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. చెప్పేద్దామని లేచి నిలబడ్డాను. పిల్ల బెదిరిపోయి, “ఏమత్తా, తప్పు చదివినానా?” అంది.

“లేదు తల్లీ, పోయి తిను” అన్నాను.

అది ఆయనది కాదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ పోతే అది ఆయనదే అయిపోతుంది. అది తలుచుకుంటేనే నాకు భయం.