గోడ అవతలి టకటక

"ముందు ఆ స్విచ్ ఆపండి," అన్నాడు సుత్తి బాబాయి.

పియానోల షాపులో సేల్స్‌మన్‌కి అది ఇరవయ్యో ఏడు. ఆ ఇరవై ఏళ్లలో శబ్దం పెంచమన్నవాళ్లను చూశాడు, తగ్గించమన్నవాళ్లను చూశాడు, ధర చీటీ చూసి గుండె పట్టుకుని స్టూలు మీద కూలబడ్డవాళ్లకు మంచినీళ్లిచ్చాడు. కరెంటు తీసేసి చూపించమన్న మనిషిని మాత్రం ఇప్పుడే చూడటం.

"ఆపేస్తే మోగదు కదండీ?"

"మోగుతుంటే నాకు వినపడదు."

"నాన్నా, పరువు తియ్యకు," అంది కూతురు పళ్ల బిగువున. "కొనేది పాప నేర్చుకోడానికి. రైలు పెట్టెకి కాదు."

సేల్స్‌మన్ స్విచ్ ఆపాడు. బాబాయి కళ్లు మూసుకుని నడిమి మీట ఒకటి నొక్కాడు. దూదిలో రాయి పడ్డట్టు, ఉందా లేదా అన్నట్టు చిన్న చప్పుడు. తల అడ్డంగా ఊపాడు.

"మెత్తగా ఉంది."

"అదేనండీ దీని గొప్ప! మీటల కింద పట్టు పరుపు లాంటి గుడ్డ వేశారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిస్తే పక్క గదిలో పసిపిల్ల కూడా కదలదు."

"అందుకే వద్దంటున్నా. ఇంకోటి చూపించు."

ఈ మనిషి సంగతి తెలియనివాళ్లు అతనికి కాస్త తిక్క అనుకుంటారు. తెలిసినవాళ్లు కాస్తేమిటి, బాగానే అంటారు. ముప్పై ఒక్క ఏళ్లు అతను రైలు చక్రాలు విన్నాడు. రైలు ఆగగానే పొడుగు కాడ సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి, అది పలికే పలుకును బట్టి బాగుందో పగిలిందో చెప్పే ఉద్యోగం. అన్నీ రాత్రి డ్యూటీలే. పేరులో సుత్తి ఉందని వాగుడుకాయ అనుకునేరు. మాటకి మాటకి మధ్య ఒక గూడ్సు బండి పోవచ్చు.

అతని చెవి గురించి స్టేషన్లో ఇప్పటికీ చెప్పుకునేవి వింటే నమ్మాలనిపించదు. నమ్మకపోతే నష్టం మీదే. ఒకసారి నిండు ఎక్స్‌ప్రెస్‌ను కదలనివ్వకుండా ఆపేశాడు, తొమ్మిదో పెట్టె నాలుగో చక్రానికి జలుబు చేసిందని. ఇంజనీర్లు పరికరాలు తెచ్చి గంటన్నర వెతికి, ఏమీ లేదని తిట్టి, చివరికి చక్రం ఊడదీస్తే లోపల వెంట్రుకంత పగులు. బజార్లో అతను వస్తున్నాడంటే పుచ్చకాయల వాళ్లు గోనెపట్టా కప్పేసేవాళ్లట, కుప్పంతా తట్టి మంచిదాన్ని ఒక్కదాన్నే ఎత్తుకుపోతే మిగతావి ఎవరు కొంటారని. మంగలి షాపులో కూర్చుని పక్క వీధిలో కుట్టుమిషను సూది విరగబోతోందని చెప్పాడనీ, విరిగిందనీ అంటారు. ఇందులో సగం అబద్ధమే అయినా మిగిలిన సగం చాలు.

అలాంటి చెవి ఉన్నవాడికి పియానో వాయించే ఆవిడ భార్య అయింది. రాత్రంతా పట్టాల మీద తిరిగొచ్చి పొద్దున పదింటికి పడుకునే మొగుడు ఒక గదిలో, పియానో పక్క గదిలో. అందుకే ఆవిడ డిజిటల్‌ది కొనుక్కుంది. రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించేది. పాటంతా ఆవిడ చెవుల్లోకి పోయేది. గోడ ఇవతలికి వచ్చేది మీటలు కిందికి దిగే టకటక మాత్రమే, ఎవరో చెక్క మెట్ల మీద తీరుబడిగా ఎక్కి దిగుతున్నట్టు.

"నీ టకటకతో నా ప్రాణం పోతోందే," అనేవాడు మొదట్లో.

"పోయేవాడివి చెప్పి పోతావా? పడుకో," అనేది ఆవిడ.

నెల తిరక్కుండా అతనికి ఆ టకటక లేనిదే నిద్ర రాకుండా పోయింది. ఆ మాట పైకి అన్నాడా అంటే, అంటే సుత్తి బాబాయి ఎందుకవుతాడు? ఇరవై ఏళ్లపాటు విసుక్కుంటూనే దాని మీద తల పెట్టుకు పడుకున్నాడు.

ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. పియానో గదికి తాళం వేశాడు. కానీ రిటైరైనా పగటి నిద్ర అలవాటు పోలేదు, పడుకుని పదకొండయ్యేసరికి గోడ అవతల టకటక మొదలవుతోంది. లేచి గోడకి చెవి ఆనిస్తే ఉండదు. వెనక్కి వచ్చి దిండుకి తల ఆనిస్తే ఉంటుంది. నీళ్ల గొట్టాలేమోనని ఇంట్లో గొట్టాలన్నీ తట్టి చూశాడు. ఫ్రిజ్ తీగ పీకేసి చూశాడు, పాలు విరిగాయని కూతురు చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. పదిమంది వినలేనిది విని బతికిన మనిషి ఇప్పుడు లేనిదాన్ని వింటున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ గోడ వెనక నిజంగా ఒక చప్పుడు పుట్టిస్తే ఈ దొంగ చప్పుడు పోతుంది, రెండు గంటలు నిద్రపోవచ్చు. అతనికి కావలసింది అంతే.

సమయానికి మనవరాలు పియానో నేర్చుకుంటానంది. తొమ్మిదేళ్లది, ఇంట్లో పిలుపు పిడుగు. తాళం వేసిన గది జోలికి ఎవరూ పోలేదు, రెండు నెలలు అట్ట మీద మీటలు గీసుకుని వాయించింది. అట్టతో ఇక లాభం లేదని సంగీతం టీచరమ్మ చీటీ రాసిచ్చింది: ఎనభై ఎనిమిది మీటలుండాలి, వేలికి బరువు తెలియాలి, కింద పెడల్ ఉండాలి, హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలుండాలి. ఇరవై ఏళ్ల నాటి పాతది ఇస్తే కొత్తదానిలో తగ్గిస్తామని షాపువాళ్లన్నారు. తాళం తీసి, పాతదాన్ని వ్యానులో ఎక్కించుకుని ముగ్గురూ వచ్చారు.

ఏడో పియానో దగ్గరికొచ్చేసరికి సేల్స్‌మన్‌కి తలప్రాణం తోకకొచ్చింది. "సార్, మెత్తన వద్దు, చప్పుడు లేనిది వద్దు. ఇంతకీ ఏం కావాలి మీకు?"

బాబాయి షాపు మూలకి నడిచాడు. అక్కడ దుమ్ము కొట్టుకుని ఒక చవక కీబోర్డు పడి ఉంది. నొక్కాడు. టక్. మళ్లీ నొక్కాడు. టక టక. అచ్చం గోడ అవతలి చప్పుడు.

"ఇది," అన్నాడు.

"అది బొమ్మ లాంటిదండీ. అరవై ఒక్క మీటలే. లోపల స్ప్రింగులు. మీటలు డబడబా కొట్టుకుంటాయి."

"అదే కావాలి."

కూతురు చీటీ తీసి తండ్రి ముక్కు ముందు ఆడించింది. "బరువుండాలని టీచర్ రాసింది కదా నాన్నా! దీని మీద నేర్చుకుంటే చెయ్యి పాడైపోతుందట. పియానో నీకా, దానికా?"

నాకే అని బాబాయి ఎలా అంటాడు? పిడుగు తాతను ఎగాదిగా చూసింది, కీబోర్డును చూసింది, నోరు మూసుకుంది. ఆ పిల్ల నోరు మూసుకోవడం అంత మామూలు సంగతి కాదు గానీ, అప్పుడెవరూ పట్టించుకోలేదు.

అప్పుడే వెనక గదిలోంచి మెకానిక్ పిలిచాడు, పాతదాన్ని ఒకసారి చూసి వెళ్లమని. నుదుటి మీద భూతద్దం కట్టుకున్న పెద్దాయన, పియానో వెనక చెక్క విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇది ఎన్నాళ్లుగా వాడటం లేదమ్మా?"

"ఎనిమిది నెలలు," అంది కూతురు. "అంతకుముందు అమ్మ రోజూ వాయించేది."

పెద్దాయన నవ్వాడు. "ఇంకో పియానో సంగతి చెబుతున్నట్టున్నావు. ఇటు చూడు. కరెంటు వచ్చే బోర్డు కాలిపోయింది. కాలినచోట తుప్పు, తుప్పు మీద దుమ్ము, ఆ దుమ్ములో సాలీడు కాపురం పెట్టి మనవలని ఎత్తింది. హెడ్‌ఫోన్ గుచ్చే కన్నం చూడు, కందిరీగ మట్టితో పూడ్చేసింది. ఈ మట్టి రాయైపోయింది. ఇది మూగబోయి ఆరేళ్లకి తక్కువుండదు. ఏడన్నా ఒప్పుకుంటా."

"అబద్ధం," అన్నాడు బాబాయి. "నేను విన్నాను."

"ఏం విన్నారు?"

బాబాయి వంగి, కన్నంలో గట్టిపడ్డ మట్టిని వేలితో తట్టి చూశాడు.

"నాకూ ఒకటి అర్థం కావట్లేదు," అన్నాడు పెద్దాయన మీటల మీద లైటు వేసి. "చూడండి, మధ్యలో ఈ పది మీటలూ అరిగి గుంటలు పడ్డాయి. అటూ ఇటూ ఉన్నవి మామూలుగానే అరిగాయి. పది మీటలతో పాటేమిటి?"

"పాట కాదు," అంది పిడుగు.

ముగ్గురూ అటు తిరిగారు.

"అది మోగదు. అమ్మమ్మకి తెలుసు. నాక్కూడా తెలుసు. పియానో అంటే అంతేనేమో అనుకున్నా. టీచర్ ఇంట్లో నొక్కితే మోగింది, భయమేసి ఏడ్చేశా."

"మరి చెప్పవేమే!" అంది కూతురు.

"తాతయ్యకి చెప్పొద్దంది అమ్మమ్మ. నేను చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పలేదు." రహస్యం దాచిన గర్వం ఒక పక్క, అది ఇప్పుడు జారిపోయిన దిగులు ఇంకో పక్క ఆ ముఖంలో కొట్టుకున్నాయి. "హెడ్‌ఫోన్ తలకి పెట్టుకునేది, వైరు ఒళ్లో పడేసుకునేది. ఒక చేత్తో ఇలా ఇలా కొట్టేది. ఇంకో చేత్తో పుస్తకం చదువుకునేది. తాతయ్య గురక మొదలైనా ఆపేది కాదు, ఆపితే లేస్తాడని."

బాబాయి అక్కడే చెక్కపెట్టె మీద కూర్చున్నాడు.

ఏడేళ్ల కిందట మూడు రోజులు టకటక ఆగిపోయింది. చెయ్యి నొప్పి అందావిడ. ఆ మూడు పగళ్లూ అతనికి కన్ను మూతపడలేదు. మూడో రాత్రి డ్యూటీలో, సుత్తి పట్టుకుని నిలబడే కునికి, ఒక బండిని చక్రాలు కొట్టకుండానే వదిలేశాడు. దానికేమీ కాలేదు, ఎవరికీ తెలియలేదు. పొద్దున ఇంటికొచ్చి ఆవిడ ఒక్కదానికే చెప్పుకున్నాడు. ఆ రోజు పదకొండింటికి గోడ అవతల మళ్లీ మొదలైంది. అంతకుముందు తడబడుతూ, ఆగుతూ, పరుగెడుతూ సాగే చప్పుడు ఆనాటి నుంచి పట్టా మీద బండిలా తిన్నగా నడిచింది. మా ఆవిడ చెయ్యి తిరిగిందిరా అని టీ కొట్లో అందరికీ చెప్పుకున్నాడు. ఎన్నడూ లేనిది ఇంటికొచ్చి ఆవిడతోనూ అన్నాడు, "ఈమధ్య బాగా వాయిస్తున్నావే."

"అవునా?" అని ఆవిడ ఎంతసేపు నవ్విందో!

వెంట్రుకంత పగులును పట్టుకున్న చెవికి గోడ అవతల ఒక మనిషి ఊరికే కూర్చున్న సంగతి పట్టుబడలేదు. నాలుగేళ్ల కిందట అతను రిటైరయ్యాడు. అప్పటికైనా మానేయవచ్చు కదా. మానలేదు. ఎందుకు మానలేదో అడగడానికి మనిషి లేదు.

"అమ్మమ్మకి ఏం వినపడేదే అందులో?" అన్నాడు మనవరాలితో, మెల్లిగా.

"ఏమో. ఒక్కోసారి కళ్లు మూసుకునేది," అంది పిడుగు.

వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డ సేల్స్‌మన్ అడిగాడు. "సార్, మరి ఆ మూలనున్నది ప్యాక్ చేయమంటారా?"

"వద్దు. చీటీలో ఉన్నదే ఇవ్వండి. అన్నింటికన్నా మెత్తనిది ఏదో అదే."

"పాతది ఇక్కడే వదిలేస్తారుగా? పనికిరాకపోయినా లెక్కలో ఎంతో కొంత..."

"పనికిరాదని ఎవడన్నాడు?" అన్నాడు బాబాయి. "ఎనిమిది నెలల కిందటి దాకా పనిచేసింది. వ్యానులో పెట్టించు."

కొత్తది హాల్లోకి వచ్చింది. పిడుగు హెడ్‌ఫోన్ లేకుండానే వాయిస్తోంది, తాతయ్య అలాగే వాయించమన్నాడని. తప్పులన్నీ ఇల్లంతా వినపడుతున్నాయి. పాతది మళ్లీ తన గదిలోకి చేరింది. గదికి తాళం తీసేశారు. గోడ అవతలి చప్పుడు పోయిందా అంటే, పోలేదు. పదకొండయిందంటే పక్కా.

నాలుగో రోజు కూతురికి సెలవు, పిడుగు టీచరమ్మ ఇంటికి పోయింది. పదకొండు కాగానే బాబాయి పడక మీద నుంచి లేచి, పక్క గదిలోకి పోయి, ఆవిడ స్టూలు మీద కూర్చున్నాడు. అక్కడ కూర్చుని ఆ గోడను అతను ఎన్నడూ చూడలేదు. అరిగిన గుంటల్లో వేళ్లు పెట్టాడు. అతని వేళ్లకి అవి ఇరుకు. నొక్కడం మొదలుపెట్టాడు.

మొదట్లో సుత్తి దెబ్బలే పడ్డాయి. పది నిమిషాలకి నడుము పట్టేసింది. పావుగంటకి చచ్చేంత విసుగొచ్చింది. గడియారం వైపు చూశాడు. రెండు గంటలు ఎంత పొడుగో ముప్పై ఒక్క ఏళ్ల రాత్రి డ్యూటీ కూడా అతనికి నేర్పలేదు. ఆవిడ పుస్తకం ఎందుకు పట్టుకునేదో అర్థమైంది. అయినా ఆపలేదు. పన్నెండు దాటాక వేళ్లు వాటంతటవే దారి పట్టాయి, తిన్నగా, తీరుబడిగా, ఎవరో మెట్లెక్కి దిగుతున్నట్టు. అది తన చెయ్యేనా అని ఒకసారి కిందికి చూసుకున్నాడు.

"అమ్మా, టీ పెడుతున్నా, నీక్కూడా పెట్టనా?" అంది కూతురు వంటింట్లోంచి, పనిలో ఉండి, ఎప్పటిలాగే.

ఆ తర్వాత వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. నీళ్లు మరుగుతున్నాయి గానీ ఎవరూ పొయ్యి ఆపడం లేదు. గుమ్మం దాకా అడుగులు వచ్చి, తలుపు తోయకుండా అక్కడే నిలబడ్డాయి.

బాబాయి వెనక్కి తిరిగి చూడలేదు. ఒంటిగంటకి ఇంకా ముప్పావుగంట ఉంది. ఆపకుండా నొక్కుతూనే ఉన్నాడు.