జోహార్ అందని పేరు

మొన్న ఆగస్టు పదిహేనుకి ఉయ్యూరులో మా పిల్లలు చదివే స్కూలువాళ్ళు మా మామయ్యగారికి సన్మానం పెట్టారు. ఆయన డెబ్భై ఒకటి యుద్ధంలో పోరాడిన జవాను. ఇంట్లో ఎప్పుడూ ఆ ఊసెత్తరు. మనవలు అడిగారని ఒప్పుకున్నారు.

శాలువా కప్పగానే డ్రిల్లు మాస్టారు ఉత్సాహంగా మైకు అందుకుని, "వీర జవాను సుబ్బారావుగారికీ..." అని అరిచారు.

"జోహార్! జోహార్!" అన్నారు పిల్లలంతా.

పోయినవాళ్ళకి అనే మాట అది! హెడ్మాస్టరుగారు నాలిక్కరుచుకుని, "జిందాబాద్ అనాలయ్యా," అని గొణిగారు.

మామయ్యగారు కోప్పడలేదు. మైకు తీసుకుని, "నాకొద్దు బాబూ ఆ మాట. అక్కడే ఉండిపోయిన మావాళ్ళకి అనండి," అంటూ ఒక్కో పేరే చెప్పారు. పంజాబీ అతనిది, మలయాళీ అతనిది, మన గుడివాడ కుర్రాడిది. ప్రతి పేరుకీ పిల్లలు పిడికిలెత్తి జోహార్ అన్నారు.

ఉన్నట్టుండి ఆయన ఆగిపోయారు. పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. పిల్లలు పిడికిళ్ళు ఎత్తి చూస్తూనే ఉన్నారు.

ఆయన నావైపు తిరిగారు. "నా ఒళ్ళోనే పోయాడమ్మా. పేరు... వాడి పేరు రావట్లేదు."

మైకులో అది అందరికీ వినిపించింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేనే ఆయన చెయ్యి పట్టుకుని వేదిక మీంచి కిందికి దింపాను.

ఇప్పుడు అన్నం తింటూ తింటూ ఆగి ఏవో పేర్లు గొణుక్కుంటారు. "అదేనా మామయ్యగారూ?" అంటే కాదని తలూపుతారు. సన్మానం బాగా జరిగిందని ఊళ్ళో అందరూ అంటున్నారు. ఆ ఒక్కడికి మాత్రం జోహార్ అందలేదు.

— ఒక కోడలు, ఉయ్యూరు