అమ్మవారి మలుపులో రెడ్ అలర్ట్

నేను రిటైరవడానికి ముందటి ఏడాది, చలి మొదలైన రోజుల్లో, నన్ను కొండ కింద ఉన్న ఒక బస్సు డిపోకి సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టరుగా వేశారు. డ్రైవరు వెనక కూర్చుని అతను బండి నడిపే తీరు గమనించడం, తప్పులు దిద్దడం, ప్రమాదం జరిగితే విచారించడం ఆ ఉద్యోగం. హోదా డిపో మేనేజరుకి కింద, డ్రైవర్లకి పైన. అందుకని రెండు వైపుల నుంచీ తిట్లు తినే సౌకర్యం ఉండేది. అందరూ మాస్టారనేవారు.

అప్పుడే ఘాటీ ఎక్కే బస్సులకి, అంటే కొండదారి బస్సులకి, కొత్త కెమెరాలొచ్చాయి. స్టీరింగ్ ఎదురుగా బిగిస్తారు. అది చూసేది రోడ్డుని కాదు, డ్రైవరు కనురెప్పల్ని. రెప్పలు ఉండవలసినదానికంటే ఎక్కువసేపు మూతపడితే కీచుమని అరిచి, ఆ ఫొటోనీ బస్సు ఉన్న చోటునీ డిపో కంప్యూటరుకి పంపుతుంది. దాన్ని రెడ్ అలర్ట్ అంటారు. మూడు వస్తే డ్రైవర్ని స్టీరింగ్ మీంచి దించి విచారించాలని ఉత్తర్వు. నా పనంతా ఓ చిన్న డబ్బా చేసేస్తుంటే నాకు ముచ్చటేసింది, కాస్త కడుపు కూడా మండింది.

మొదటి వారంలోనే బొంజుబాబుకి మూడూ వచ్చేశాయి. కొండ మీది గూడెం కొత్తవీధి మనిషి. ఏళ్ల తరబడి ఘాటీలో నడిపి ఒక్క ప్రమాదం చెయ్యనివాడు. డ్రైవర్లలో నిద్రమొహం అన్న పేరు పడితే ఇక ఆ మనిషిని ఎవరూ నమ్మరు. మేనేజరుగారు కుర్రవాడు, మంచివాడే. నిద్రపోయావా అని అడిగారు. లేదన్నాడు బొంజుబాబు. ఫొటో చూపిస్తే తల దించుకున్నాడు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, విచారణ కాకుండానే గ్యారేజీ డ్యూటీ ఉత్తర్వు టైపయింది. సంతకం పెట్టే ముందు నాకొక్క ట్రిప్పు ఇమ్మన్నాను. ఎందుకంటే మూడు అలర్టులూ ఒకే మలుపులో వచ్చాయి. కునుక్కి కూడా స్టేజీ ఉంటుందా?

మర్నాడు పొద్దున్నే చింతపల్లి మీదుగా పోయే ఆ బస్సెక్కి అతని వెనక సీట్లో కూర్చున్నాను. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలన్నది ఘాటీ సూత్రం; బొంజుబాబు ఎక్కే తీరు చూస్తే వంక పెట్టడానికి లేదు. ఆ మలుపు వచ్చింది. బస్సు నెమ్మదించింది. పక్కన అమ్మవారి గుడి. కెమెరా కీచుమంది. నేను ఎదురద్దంలో చూసేసరికి బొంజుబాబు కళ్లు శుభ్రంగా తెరుచుకునే ఉన్నాయి. మెషీను అబద్ధమాడిందని సంబరపడిపోయాను.

నా పక్కన నిలబడ్డ కండక్టరు రమణమ్మ పకపకా నవ్వింది. "మాస్టారూ, మీరూ కళ్లు మూసీసారు కదండి! మీకూ నిద్దరేనేటి?"

నిజమే. గుడి కనపడగానే నా చెయ్యి గుండె మీదికి పోయింది, కళ్లు మూతపడ్డాయి. బస్సులో అందరూ అదే పని చేశారు. బొంజుబాబు కూడా చేశాడు.

రోడ్డు వెడల్పుగా ఉన్న చోట బస్సు ఆపించి, ఈ ముక్క మేనేజరుగారికి ఎందుకు చెప్పలేదని గద్దించాను.

"నిద్రపోయావా అనడిగారండి, నేదన్నాను. ఏటి సేత్తన్నావని ఒక్కలూ అడగనేదు. అమ్మోరి పేరెత్తితే సాకనుకుంటారని ఊరుకున్నాను."

చక్రం తిరుగుతుండగా కళ్లు మూస్తే, నిద్రకైనా భక్తికైనా లోయ ఒకటేనని గట్టిగా చివాట్లు పెట్టాను. తప్పేనని ఒప్పుకున్నాడు.

నిద్ర కాదని రిపోర్టు రాశాను. కెమెరా కంపెనీ ఇంజనీరు ఫోనులో, అదెంత పని, ఆ మలుపులో అరవకుండా చేసేస్తామన్నాడు. మేనేజరుగారు సరేననబోయారు. నేను ఒప్పుకోలేదు. ఏదో ఒకరోజు అక్కడే ఎవరికైనా నిజంగా కునుకు పట్టవచ్చు. దానికి బదులు గుడి ముందు బస్సు పూర్తిగా ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, మొక్కుకుని కదలాలని రాశాను. ఆగిన బండిలో ఎవరెంతసేపు కళ్లు మూసినా కెమెరా పట్టించుకోదు. గ్యారేజీ ఉత్తర్వు రద్దయింది. బొంజుబాబు మళ్లీ స్టీరింగ్ మీద కూర్చున్న రోజు నాకు పండగలాగే ఉంది. అయితే బస్సు ఎలాగూ ఆగుతోంది కదా అని జనం కొబ్బరికాయలు కొట్టడం మొదలెట్టారు. "బేగి మొక్కండర్రా, టైమైపోతంది!" అని రమణమ్మ అరవడం ఆ రూట్లో మామూలైంది.

ఆ కెమెరా అబద్ధమేమీ ఆడలేదు. కళ్లు మూశాడంది, అంతే. నిద్ర అని పేరు పెట్టింది మేమే. రేపు డ్రైవరు లేని బస్సులే ఘాటీ ఎక్కవచ్చు, ఎక్కనివ్వండి, నాకేం బెంగ లేదు. కాని మెషీను ఒక మనిషి మీద ఏదైనా చెప్పినప్పుడు, ఉత్తర్వు టైపు చేసే ముందు ఆ మనిషిని అడగవలసింది "నిద్రపోయావా" అని కాదు, "ఏం చేస్తున్నావు" అని.