కొత్త ఆయిల్ పోయించి సాగర్‌కి బయల్దేరాం

సికింద్రాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లి రావడం ఒక్కరోజు పని. తెల్లవారుతూనే బయల్దేరితే పదింటికల్లా ఆనకట్ట దిగువ వంతెన మీద నిలబడి గేట్లు చూడొచ్చు. మధ్యాహ్నం అక్కడే భోంచేసి, దీపాలవేళకి ఇల్లు చేరొచ్చు. వెళ్లొచ్చినవాళ్లంతా నాకు ఇదే చెప్పారు, మీకు నేనూ ఇదే చెబుదామనుకున్నాను. కానీ మేం వెళ్లామే గానీ గేట్లు చూడలేదు. అందుకు కారణం మారేడ్‌పల్లిలో మా ఇంటి ముంగిట్లోనే ఉందని తిరుగుదారిలో గానీ నాకు తెలియలేదు.

ప్రయాణం మా అక్క కోసం. అక్కది నరసరావుపేట దగ్గర పల్లె. సాగర్ కుడికాలువ నీళ్లతోనే నలభై ఏళ్లు వరి పండించుకున్నారు. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయో ఒక్కసారి కళ్లారా చూడాలని కాపురానికి వెళ్లిన కొత్తల్నుంచీ అనేది. బావగారు ఉన్నన్నాళ్లూ వచ్చే ఏడు వెళదాం, వచ్చే ఏడు వెళదాం అంటూనే వెళ్లిపోయారు. ఇప్పుడు అక్కకి కళ్లలో నీటికాసులు. పోయిన చూపు తిరిగి రాదని, చుక్కల మందు ఉన్నదాన్ని నిలబెట్టడానికేనని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందట, ఆ గొట్టం కూడా సన్నబడుతోందట. వైద్యానికని ఈ వానాకాలం నా దగ్గరే ఉంది. గేట్లన్నీ ఎత్తారని టీవీలో చూపించిన రోజు, ఈ ఏడు తీసుకెళ్లకపోతే ఇక తీసుకెళ్లీ ప్రయోజనం ఉండదనిపించింది.

నా కారు పాతది. కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో కొన్నది, నేను రిటైరయ్యాక కూడా అది రిటైరవలేదు. ఒకటే మోత. అక్కకేమో చూపు తగ్గినకొద్దీ చప్పుళ్లు పెద్దగా వినిపిస్తున్నాయి. మామూలు ఆయిల్ మానేసి సింథటిక్ పోయిస్తే ఇంజన్ మెత్తగా నడుస్తుందని, దూరప్రయాణంలో వేడికి తట్టుకుంటుందని పార్కులో నాతో నడిచే ఆవిడ చెప్పింది. ఇంకేం, నాకసలే తొందరెక్కువ. ప్రయాణానికి ఓ పదిరోజుల ముందు రెజిమెంటల్ బజార్‌లో మెకానిక్ యాదగిరి షెడ్డు ముందు కారు ఆపాను.

యాదగిరి వద్దనలేదు. అతనికీ ఉత్సాహంగానే ఉంది. "మంచిగనే ఉంటది మేడమ్, సౌండ్ సుత తగ్గుతది. కాకపోతే పాత బండి కద, లోపల పేరుకున్న మడ్డంతా కడిగేస్తది. ఆ మడ్డి అడ్డముండబట్టే ఇన్నిరోజులు ఏడ కారలేదేమో. వారం పదిరోజులు బండి కింద జెర చూస్తుండుండ్రి. చుక్కలు పడ్డయంటే తీస్కరండి." ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల కూడా అప్పుడప్పుడు తీసి చూడమన్నాడు. పాత ఆయిల్ తారులా కారి డబ్బాలో పడింది. కొత్తది నువ్వుల నూనెలా మెరుస్తూ లోపలికి జారింది. తిరిగొస్తూ ఇంజన్ మోత వింటుంటే నిజంగానే ముచ్చటేసింది. ఇంటికొచ్చి, నీ కోసమే పోయించానని అక్కకి గొప్పగా చెప్పుకున్నాను.

ఆ పదిరోజులూ పొద్దున్నే పాలకి వెళ్తూ వంగి కారు కింద చూశాను. ఒక్క మరక లేదు. నేలంతా కడిగి, తులసికోట ముందు ముగ్గేసి, అద్దంలా ఉండేది. మా ఇంట్లో కారు పెట్టే సిమెంటు నేల తులసికోట వైపు వాలుగా ఉంటుంది. నేను లేచేలోపే అక్క అక్కడ బకెట్లతో నీళ్లు కొట్టి కడిగేసేది. వంటగదిలో ఏ పని ముట్టుకోబోయినా నేను చేతిలోంచి లాక్కుంటున్నానని, ఆ ఒక్క పనీ నేను నిద్రలేవకముందే పూర్తిచేసుకునేది. నేల శుభ్రంగా ఉంది కదా, ఇక పుల్ల తీసి చూడ్డమెందుకని నేను పుల్ల జోలికే పోలేదు.

బుధవారం ఉదయం ఆరింటికి బయల్దేరాం. తొందరలో ఆ రోజు కళ్లాపి లేదు, ముగ్గు లేదు. మబ్బు పట్టి ఇంకా మసకగానే ఉంది, నేనూ కారు కింద చూడలేదు. ఎల్బీనగర్ దాటేసరికి రోడ్డు మీద రద్దీ తగ్గింది. ఏడున్నరకి ఇబ్రహీంపట్నంలో ఆగి ఇడ్లీ తిన్నాం. వెళ్లేవాళ్లు అక్కడే తినేయండి, ఆ తర్వాత అంత వేడిగా దొరకవు. అక్క కొత్త జరీచీర కట్టుకుంది. గంగమ్మని చూడబోతూ పాతచీరేమిటే అంది. ముందు సీట్లో కూర్చుని, రోడ్డు పక్క వచ్చేవన్నీ నన్నడిగి తెలుసుకుంటోంది. సీతాఫలాల గంపలు కనిపిస్తే ఆపమంది. వచ్చేటప్పుడు కొందామని నేను ఆపలేదు.

మాల్ అనే ఊరు దాటాక, ఇంకా తొమ్మిది కాలేదు, కారులో ఎర్రదీపం వెలిగింది. నూనెడబ్బా బొమ్మ దీపం. ఆ వెంటనే ఇంజన్‌లోంచి టకటకమని చప్పుడు. పక్కకి తీసి ఆపి, పుల్ల లాగి చూస్తే చివర తడి కూడా లేదు. వంగి చూస్తే కారు అడుగంతా నూనె. ప్రయాణం అక్కడే ఆగింది, నాకే అర్థం కాలేదు.

అక్కకి అర్థమైంది. "ఇదిక్కడ వదిలేసి బస్సెక్కుదామే" అంది. నేను వింటేగా! ఎవరో స్కూటరతను చింతపల్లి మెకానిక్కు నంబరిచ్చాడు. అతనొచ్చేసరికి పదిన్నరైంది. తెచ్చిన ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే, ఇటు పోస్తుంటే అటు ధారగా కారిపోతోంది. ఆయిల్ కారకుండా ఆపే సీలు పోయిందని, దాన్నిప్పి మార్చాలంటే రేపటిదాకా పడుతుందని చెప్పాడు. ఇంకో డబ్బా పోసి మెల్లగా పోనిస్తే చేరమా అని బతిమాలాను. "ఇంజనే జామ్ అయితది మేడమ్, మళ్ల నన్ను తిట్టొద్దు" అన్నాడు. చివరికి ట్రాక్టరుకి కట్టి చింతపల్లి షెడ్డులో పడేసేసరికి పన్నెండు దాటింది. అంతసేపూ అక్క వేపచెట్టు కింద నా చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

అక్కణ్ణుంచి బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్. నాకలాగే ఇచ్చాడు కండక్టరు, అక్క ఆధార్ ఆంధ్రాది కాబట్టి ఆమెకి మాత్రం టికెట్ కొట్టాడు. "నీళ్లు మాకూ ఇస్తారు, టికెట్టు మాత్రం మీకేనన్నమాట" అని అక్క నవ్వింది. పక్కసీటులో హాలియా వెళ్లే ఆవిడ మేం ఎక్కడికో కనుక్కుని, కాస్త తటపటాయించి చెప్పింది. "గేట్లు బంద్ జేసిండ్రట కద అక్కా. మా మరిది ఆడనే చాపల కొట్టు నడుపుతడు, ఇప్పుడే ఫోన్ జేసిండు. పైకెల్లి వరద తగ్గిందట." అలా చెప్పినందుకు ఆవిడ మీద కోపమొచ్చింది నాకు. అక్క మటుకు, దగ్గరిదాకా వచ్చాం కదా వెళ్దామంది.

మూడింటికి ఆటో మమ్మల్ని వంతెన దగ్గర దించింది. గేట్లన్నీ మూసి ఉన్నాయి. ఆనకట్ట రాతిగోడ పైనుంచి కిందిదాకా తడిసి నల్లగా ఉంది. దిగువన బండల మధ్య మడుగులు, వాటిలో కొంగలు. జనం వెళ్లిపోతున్నారు. పొద్దున పన్నెండు గేట్లలోంచి నీళ్లు దూకాయని, ఒంటిగంటకి చివరిది దించారని చేపలు వేయించే అతను చెప్పాడు. తొమ్మిదింటికే బస్సెక్కి ఉంటే చూసేవాళ్లం. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

అక్క పిట్టగోడ పట్టుకుని తల నెమ్మదిగా ఈ కొసనుంచి ఆ కొసదాకా తిప్పింది. ఒక్కసారిగా అంతా కనపడదు కాబట్టి ముక్కలు ముక్కలుగా చూస్తుంది. తర్వాత ఆ పిట్టగోడమీదే అరచేయి రాసింది.

"ఇంకా తడిగానే ఉందే" అంది. ఆ చెయ్యి కళ్లకద్దుకుంది.

నేను అటు తిరిగి నిలబడ్డాను. ఏడిస్తే తనకి కనపడకపోవచ్చు, కానీ వినపడుతుంది. వేయించిన చేపలూ అన్నమూ తిందామంటే అక్క ఏ వారమైనా నీచు ముట్టదు, అరటిపళ్లతో సరిపెట్టుకున్నాం. మీరు వెళ్తే బయల్దేరేముందు గేట్లు ఎత్తి ఉన్నాయో లేదో కనుక్కోండి. పొద్దునున్నవి మధ్యాహ్నానికి ఉంటాయని అనుకోవద్దు.

నాలుగున్నరకి తిరుగుబస్సు దొరికింది. కిటికీ పక్కన అక్క, ఇటు నేను. మల్లేపల్లి దాకా నా గోలే. యాదగిరి చెప్పినట్టే రోజూ వంగి చూశాననీ, పదిరోజుల్లో ఒక్క చుక్కైనా పడి ఉంటే ఆపించేదాన్ననీ, ఒక్కసారిగా ఇలా ఎలా కారుతుందనీ చెప్పిందే చెప్పాను. అక్క వింటూ వింటూ అడిగింది.

"కింద పడితే అది ఏ రంగులో ఉంటుందే?"

"పాతదైతే నల్లగా ఉండేది. ఇది కొత్తది కదా, అచ్చం నువ్వుల నూనెలా ఉంటుంది."

చింతపల్లి వచ్చింది, షెడ్డులో మా కారు కిటికీలోంచి కనిపించి వెనక్కి పోయింది. మాల్ దగ్గర బస్సు ఆగినప్పుడు, ముందు సీటు కడ్డీ పట్టుకుని, నా వైపు చూడకుండా చెప్పింది.

"తులసికోట దగ్గర రోజూ నూనె ఉండేదే. మొదట కాలికి తగిలింది. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు నేనే ఒలకబోస్తున్నాననుకున్నాను. ప్రమిద పక్కన పోస్తున్నానేమో, నాకు కనపడట్లేదేమో అనుకున్నాను. నువ్వు లేచేలోపల సోడా వేసి పీచుతో తోమేసేదాన్ని."

"నాకు చెప్పొచ్చు కదక్కా."

"చెబితే ఆ నూనె సీసా కూడా తీసేసుకుంటావు."

ముందురోజు సాయంత్రం, నడుం పట్టేసింది, దీపం నువ్వు పెట్టమని అక్క అంటే నమ్మాను. కాఫీ కప్పు, పోపు గరిటె, పాలగిన్నె ఒక్కొక్కటీ 'నువ్వుండక్కా, ఒలకబోస్తావు' అంటూ ఆమె చేతిలోంచి లాక్కున్నది నేనే. పదిరోజులు ఆ నూనె తన చూపు పోతున్న గుర్తనుకుని, ఎవరికీ తెలియకుండా చీకట్లో కడుక్కుంది. కారు, గేట్లు, రోజంతా పడ్డ తిప్పలు, ఏవీ అప్పుడు గుర్తులేవు.

నిజం చెప్పకపోతే తన చేతులే అదుపు తప్పాయనుకుంటూ బతుకుతుంది. చెబితే తను తోమడం వల్లే గేట్లు చూడలేకపోయానని తెలుసుకుంటుంది. ఇబ్రహీంపట్నం లైట్లు కనిపించేదాకా ఆలోచించాను. చివరికి ఆమె చెయ్యి పట్టుకుని చెప్పేశాను. అది దీపం నూనె కాదక్కా, నా కారు నూనె. కారు కింద నుంచి వాలుకి జారి కోట మొదట్లోకి వచ్చింది. పుల్ల తీసి చూడమన్నా చూడనిదాన్ని నేను.

అయ్యో నా చేతుల్తో నేనే తుడిచేసుకున్నానే అంటుందనుకున్నాను.

"అయితే నేను ఒలకబోయలేదా?" అంది.

"లేదక్కా."

"ఒక్కరోజు కూడా?"

"ఒక్క చుక్క కూడా నీది కాదు."

అక్క సీటుకి చేరగిలబడింది. వంతెన మీద చూడాలని పొద్దున్నుంచీ నేను ఆశపడ్డ నవ్వు, ఆ బస్సు దీపం వెలుగులో ఆమె ముఖం మీద కనిపించింది.

ఎల్బీనగర్‌లో దిగి సికింద్రాబాద్ సిటీబస్సు ఎక్కాం. పాత బండికి సింథటిక్ పోయించదలిస్తే పోయించుకోండి, మెత్తగానే నడుస్తుంది. పుల్ల తీసి చూడండి, దాంతోపాటు తెల్లారకముందే నేల కడిగేది ఎవరో వాళ్లని కూడా అడగండి. వాళ్లకి మీతో చెప్పే చనువు లేకుండా మాత్రం చేసుకోకండి. సాగర్ గేట్లు వచ్చే ఏడూ ఎత్తుతారు. అప్పటికి అక్కకి ఎంత కనిపిస్తుందో ఆ డాక్టరమ్మకే తెలియదు.

మారేడ్‌పల్లి స్టాపులో దిగేటప్పుడు చెయ్యందించబోయాను. అక్క కడ్డీ పట్టుకుని తనే దిగింది.

"వేళ దాటిపోయింది గానీ, ఈ పూట దీపం నేనే పెడతాను" అంది. ఇంటికి వెళ్లగానే సీసా తీసి ఆమె చేతికిచ్చి, నేను గేటు దగ్గరే నిలబడ్డాను.