హాఫ్‌నర్ మొదటి పేజీ

ట్రాయ్ నుంచి ఉత్తరంగా గంటసేపు డ్రైవ్ చేస్తే ఒక చిన్న ఊరు వస్తుంది. ఊరంతా జర్మన్ పేర్లే. వీధులకూ, దుకాణాలకూ, శ్మశానంలో రాళ్ళకూ అవే పేర్లు. కాని ఆ ఊరి మ్యూజియంలో జర్మన్ చదవగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడది హన్మకొండ.

విజయశ్రీ హైదరాబాదులో పంపుల కంపెనీలో జర్మన్ అనువాదాలు చేసేది. భర్త రవికాంత్‌కి కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చి ట్రాయ్ వచ్చారు. తన వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇంట్లో కూర్చుని విసుగెత్తి ఆ మ్యూజియంలో వాలంటీర్‌గా చేరింది. గ్రీన్‌కార్డు వచ్చాక వాళ్ళే ఉద్యోగంలోకి తీసుకున్నారు.

ఆమె పనల్లా ‘నాఖ్‌బార్’ అనే పాత వారపత్రికను ఇంగ్లీషులోకి మార్చడం. నాఖ్‌బార్ అంటే పొరుగువాడు. కొక్కేలు తగిలించినట్టుండే ఆ పాతకాలపు అచ్చు చదవలేక మొదట్లో కళ్ళు మండేవి. పోను పోను అక్షరాల వెనక మనుషులు కనిపించసాగారు. ఓడ దిగి పదేళ్ళు కాకముందే ఎన్నికల మీద వాదించుకునేవాళ్ళు. ఆదివారం బీరు అమ్మకూడదంటే ఊరంతా సభ పెట్టేవాళ్ళు. వచ్చినవాళ్ళను వచ్చినట్టే పంపేయాలనే పార్టీని పత్రికలో ఉతికి ఆరేసేవాళ్ళు. వాళ్ళందరినీ ఆడించినవాడు ఎడిటర్ యోహాన్ హాఫ్‌నర్. మ్యూజియంలోని చదువుల గదికి ఆయన పేరే పెట్టారు.

ఆయన మునిమనవరాలు లోయిస్‌కి ఎనభై దాటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ మాట్లాడితే అనుమానంగా చూస్తున్నారని వాళ్ళ ఇంట్లో ఆ భాష మానేశారు. లోయిస్‌కి ఒక్క ముక్క రాదు. అందుకే ప్రతి గురువారం ఇంట్లో చేసిన ప్లమ్ కేకు డబ్బాలో పెట్టుకుని వచ్చి, విజయశ్రీ పక్కన కూర్చుని, “ఈ వారం మా ముత్తాత ఎవరిని తిట్టాడు?” అని అడిగేది.

కిందటి నెల విజయశ్రీకి ఒక సంచిక చేతికి వచ్చింది. పద్దెనిమిది వందల అరవై ఎన్నికల ముందుది. మొదటి పేజీ నిండా ఒకే వ్యాసం. బానిసత్వం దక్షిణాది రాష్ట్రాల వాళ్ళ ఇంటి గొడవ, నిన్న మొన్న వచ్చినవాళ్ళం మనకెందుకు, మన పొలం మన చర్చి చూసుకుంటే చాలు అని దాని సారాంశం. కింద ఎవరి పేరూ లేదు. ఆ రోజుల్లో పేరు లేనిది ఎడిటర్ రాసినట్టే. పైగా ఆ పేజీ కింది మూల ఎప్పుడో ఎలుకలు కొరికేశాయి. తర్వాతి సంచిక కట్టలోనే లేదు. ఉన్నది ఉన్నట్టు అనువాదం చేసి, ‘ఎడిటర్ అభిప్రాయం’ అని పైన రాసి డైరెక్టర్ కీత్‌కి ఇచ్చింది.

బోర్డు దాన్ని చదివింది. గదికి హాఫ్‌నర్ పేరు ఉంచాలా తీసేయాలా అన్నది సోమవారం మీటింగులో తేలుస్తామన్నారు. తీసేయడం ఖాయమని కీత్ మాటల్లోనే తెలిసిపోయింది.

ఆ గురువారం లోయిస్ కేకు లేకుండా వచ్చింది. కోటు కూడా విప్పలేదు.

“నువ్వు చదివింది చదివినట్టే రాశావు కదా?”

“రాశాను.”

“అయితే పేరు తీసేయనీ. ఒక్కటే అడుగుతాను. ఇన్నాళ్ళు నువ్వు చదివి వినిపించిన మనిషి అలా రాస్తాడని నీకు అనిపించిందా?”

విజయశ్రీ బల్ల మీది అనువాదం కాగితాల వైపు చూసింది. అనిపించలేదు. అయినా రాసేసింది. లోయిస్ తల ఊపి వెళ్ళిపోయింది.

శుక్రవారమంతా ఆ ప్రశ్న మెదడులో తిరుగుతూనే ఉంది. అన్నం దగ్గర కూతురు సాన్వి అంది, “మమ్మీ, నువ్వు ఆ జర్మన్ తాతని క్యాన్సిల్ చేశావా?”

“నోరు మూసుకుని తిను,” అన్నాడు రవికాంత్.

“జస్ట్ అడిగాను, డాడీ.”

శనివారం ఉదయం కాఫీ కలుపుతుంటే ఫోన్ మోగింది. కృష్ణమోహన్ గారు. కొడుకు దగ్గరే స్థిరపడిన రిటైర్డ్ ఇంజినీరు. విజయశ్రీ ఎడిట్ చేసే తెలుగు సంఘం పత్రికకి మొదటి పాఠకుడూ, మొదటి విమర్శకుడూ ఆయనే. ఊళ్ళో ఉన్న రెండు తెలుగు సంఘాలనూ కలిపేయాలని ఆయన పట్టు. విజయశ్రీదీ అదే మాట.

“ఏమ్మా విజయా, ఎప్పుడు పార్టీ మారావు? మాకు చెప్పలేదే.”

“ఏమైంది, కృష్ణమోహన్ గారూ?”

“ఏమైందా? ఫస్ట్ పేజీలో ఆ గోపాల్ గాడి వ్యాసం. విలీనం వద్దు, వద్దు, వద్దు. పేజీ అంతా వాడే. నేను చదివి బీపీ టాబ్లెట్ వేసుకున్నాను.”

“అది గోపాల్ గారి అభిప్రాయం. నాది కాదు.”

“నీ పత్రికలో, నీ ఫస్ట్ పేజీలో వేస్తే నీది కాక ఎవరిది?”

“కింద చూడండి. కుడివైపు మూలన. ‘దీనికి జవాబు వచ్చే సంచికలో కృష్ణమోహన్ గారు రాస్తారు’ అని వేశాను.”

అవతల కాగితం చప్పుడు.

“ఓ. ఇంత చిన్న అక్షరాల్లోనా? చీమలకు వేశావా ఇది?”

“జాగా లేదండీ.”

“మరి రాయమని నాకు చెప్పాలి కదా?”

“మెయిల్ పంపాను.”

“మెయిళ్ళు నేను చూడను. సరే, రాస్తాను. వాడికంటే ఒక పేరా ఎక్కువే రాస్తాను.”

ఫోన్ పెట్టేశాక విజయశ్రీ కాఫీ ముట్టుకోలేదు. కుడివైపు కింది మూల. ఎలుకలు కొరికింది అదే మూల. తను చేసిన పనే హాఫ్‌నర్ కూడా చేశాడేమో. ఎదుటివాడి మాట ఈ వారం పూర్తిగా వేసి, తన జవాబు వచ్చే వారం.

కాని ఆ వచ్చే వారం సంచిక లేదు. మ్యూజియంలోనే కాదు, ఎక్కడా లేదని కీత్ ఎప్పుడో చెప్పాడు. ఊహ ఉంది, ఋజువు లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజుల్లో ఎడిటర్లు ఒకరికొకరు పత్రికలు పోస్టులో ఉచితంగా పంపుకునేవాళ్ళు. నచ్చిందీ, నచ్చనిదీ కత్తిరించి, ఫలానా పత్రికలోది అని చెప్పి తమ దాంట్లో వేసుకునేవాళ్ళు. హాఫ్‌నర్ సగం పేజీలు అలాగే నింపేవాడు. ఆయన వాళ్ళవి కత్తిరిస్తే, వాళ్ళు ఆయనవి కత్తిరించకుండా ఉంటారా? ఒహాయోలో ఒక జర్మన్ పత్రిక ఆయన్ని తరచూ తిడుతుండేది. తిట్టే మనిషి తప్పకుండా చదువుతాడు. ఆ పత్రిక సంచికలు ఒక లైబ్రరీ ఆన్‌లైన్‌లో పెట్టింది.

“రవీ, ఈ రోజు వంట నువ్వే,” అని చెప్పి లాప్‌టాప్ ముందు కూర్చుంది.

రవికాంత్ ఉప్మా చేసి తెచ్చి పక్కన పెట్టాడు. అది చల్లారింది. ఆ ఎన్నికల ముందరి అక్టోబరు సంచికలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయింది. మధ్యాహ్నానికి మూడో పేజీ అడుగున నాఖ్‌బార్ పేరు కనబడింది. పైన ఆ ఒహాయో ఎడిటర్ వెటకారం: ‘మన మిత్రుడు హాఫ్‌నర్ తన మొదటి పేజీని కిందటి వారం శత్రువుకు అప్పగించి, ఈ వారం తీరిగ్గా కొట్టడానికి వచ్చాడు. ఆయన అన్నది ఇదిగో.’

దాని కింద హాఫ్‌నర్ జవాబు మొత్తం ఉంది. విజయశ్రీ దాన్ని వేలు పెట్టి చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలింది. చల్లారిన ఉప్మా మొత్తం తినేసింది.

కీత్‌కి మెయిల్ పంపింది. ‘ఎడిటర్ అభిప్రాయం’ అని రాసింది తన ఊహేననీ, తప్పనీ, ఋజువు జతచేశాననీ రాసింది. ఆయన దగ్గర్నుంచి వెంటనే జవాబు వచ్చింది: ‘దేవుడా, థాంక్స్. సోమవారం మొదటి విషయం ఇదే.’ ఆ తర్వాత కారు తీసింది.

లోయిస్ తలుపు తీసి, ఆమె ముఖం చూసి పక్కకి జరిగింది. వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. విజయశ్రీ అంతా చెప్పింది. సంఘం పత్రిక, గోపాల్, కృష్ణమోహన్ గారి బీపీ టాబ్లెట్‌తో సహా.

“ముందు జర్మన్‌లో చదువు,” అంది లోయిస్.

“మీకు అర్థం కాదు కదా.”

“ఆయన గొంతు ఎలా ఉండేదో తెలియాలి.”

విజయశ్రీ చదివింది. లోయిస్ కళ్ళు మూసుకుని వింది. తర్వాత విజయశ్రీ ఇంగ్లీషులో చెప్పింది. ‘వేరే దేశంలో రాజుల కింద బతకలేక ఇక్కడికి వచ్చాం. ఇంకొకరి మెడ మీద కాలు పెట్టిన వాడి పక్కన నిలబడి, నాకు సంబంధం లేదు అనే మనిషి ఓడ ఎందుకు ఎక్కినట్టు? కిందటి వారం ఈ పేజీలో రాసిన పెద్దమనిషి నాకు పగవాడు కాడు, స్నేహితుడే. అయినా తప్పు చెప్పాడు.’

లోయిస్ ముక్కు తుడుచుకుంది.

“శత్రువుకి మొదటి పేజీ ఇచ్చి, తన మాట మరో వారం ఆపుకున్నాడా? మా వాళ్ళ తెలివే అంత. నూట అరవై ఏళ్ళ తర్వాత ఎలుకల వల్ల చెడ్డపేరు.”

“ఎలుకల వల్ల కాదు. నా వల్ల.”

“నీ వల్ల వచ్చింది, నీ వల్లే పోయింది. కూర్చో.”

లోయిస్ లేచి ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల కేకు డబ్బా ఉంది, మూత తీయనే లేదు.

“గురువారం చేశాను,” అంది వీపు ఇటు పెట్టే. “కోపంలో తీసుకురాలేదు. కొంచెం గట్టిపడి ఉంటుంది, తింటావా?”

“తింటాను.”

తిరుగు దారిలో కృష్ణమోహన్ గారి మెసేజి వచ్చింది. వ్యాసం అయిపోయిందనీ, మొదటి పేజీ తనకే కావాలనీ, అక్షరాలు మాత్రం పెద్దవి వేయమనీ. విజయశ్రీ సిగ్నల్ దగ్గర ఆగి నవ్వుకుంది. ఇంటికి వెళ్ళాక ‘అలాగే’ అని జవాబిచ్చింది.