మడ్డి దిగేదాకా

పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ సోమవారం పొద్దున ఫోన్ చేసి చెప్పారు. "నిద్రల్నే పోయిండమ్మా. ఏం తిప్పలు పడలే," అన్నారు, నన్నే ఓదారుస్తున్నట్టు. నేను బస్టాపులో ఉన్నాను. వచ్చిన బస్సు ఎక్కలేదు.

ఐర్లండ్‌లోని కార్క్‌లో చదువుకోవడానికొచ్చి నేను అద్దెకు దిగిన ఇంటి పక్కనే వాళ్ల ఇల్లు. అంకుల్ కరీంనగర్ మనిషి. ఫార్మా ఫ్యాక్టరీలో రిటైరయ్యాక గ్యారేజీలో బీరు కాయడం మొదలుపెట్టారు. ఇల్లంతా కుడితి వాసనని ఆంటీ గొడవ. "బర్రెను గూడ తెచ్చి కట్టేయరాదు!" అనేవారు.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి తీసిన తియ్యటి నీళ్లలో, చేదు కోసం హాప్స్ అనే పూలు వేసి మరిగిస్తారు. పొయ్యి ఆపాక అడుగున మడ్డి మిగులుతుంది. పైనున్న తేటను మాత్రమే పులియబెట్టాలి. మొదటిసారి అంకుల్ ఆ మడ్డిని గుడ్డలో పోసి చింతపండు పిసికినట్టు పిండేశారట. "ఒక్క చుక్క ఇడిచిపెట్టలే బిడ్డా. బీరు కాదు, వేపకషాయం అయింది. ఐరిష్ దోస్తు తాగి 'గ్రాండ్' అన్నడు. మళ్ల మా ఇంటి దిక్కు రాలే."

ఆ తర్వాత ఆయన గుడ్డ జోలికి పోలేదు. పొడుగు గరిటెతో ఒకే వైపు గిర్రున తిప్పి, మూత పెట్టి కూర్చునేవారు. సుడి నెమ్మదించేకొద్దీ మడ్డి నడుమకు చేరి కుప్పపడుతుంది. గిన్నె అడుగున పక్కగా ఉన్న ట్యాపు తిప్పితే తేట వస్తుంది. నాకేమో ఆగడం చేతకాదు. మూత ఎత్తబోతే చేతిమీద ఒకటి వేసేవారు. "చూస్తె జల్ది దిగుతదా?"

పోయిన చలికాలం నా థీసిస్‌లో లెక్కలు తప్పని తేలింది. కోర్సు మానేసి ఇంటికెళ్లిపోతానని గ్యారేజీలోకి దూసుకెళ్లి చెప్పాను. ఆయన అప్పుడే గరిటె పైకి తీశారు.

"కూసో. ఇది దిగనియ్యి, మాట్లాడుదం."

కూర్చున్నాను. ఆయన మూత పెట్టి పక్కనే కూర్చున్నారు. నేనే ఏడ్చాను, గైడుని తిట్టాను, తెరిపివ్వని ఈ ఊరి వానని తిట్టాను. తేట సన్నటి ధారగా పడుతున్నప్పుడు అడిగారు: "మొత్తం తప్పా, కొంత తప్పా?"

ఆలోచించాల్సి వచ్చింది. "ఒక్క చాప్టరు, అంకుల్."

"మరి మిగిలినయేం పాపం చేసినయే?"

మానలేదు. ఆ ఒక్కటీ తీసేసి మళ్లీ రాశాను. ఆ సాయంత్రం ఆయన బుద్ధులు చెప్పి ఉంటే మర్నాడే టికెట్ కొనుక్కునేదాన్ని, నా సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. అందుకే ఆయన గురించి ఈ నాలుగు మాటలు మీతో పంచుకుంటున్నాను.

పాసయ్యానని చెప్పడానికి వెళ్లిన రోజు ఆయన ఓ సీసా తీసి, గ్లాసు వంచి నెమ్మదిగా పోశారు. నా చేతికివ్వకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకి పట్టారు. బయట ముసురు. గ్లాసులోని తేట బీరు వెనక, ఎదురింటి గుమ్మంలో తడుస్తూ నిలబడ్డ పోస్ట్‌మ్యాన్ బంగారు రంగులో కనిపించాడు.

"సూడు బిడ్డా," అన్నారు అంకుల్, గొంతు తగ్గించి. "పోస్టాయన నవ్వుతున్నది గూడ కనవడుతున్నది."